ఎడారి ధూళి తెచ్చిన జబ్బు: బంటికి ఏడాది మందు, ఇంటిల్లిపాదికీ ఓపిక

పెంపుడు జంతువుల ఆరోగ్యం – పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేము ఆరేళ్ళుగా అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, చాండ్లర్‌లో ఉంటున్నాము. మా బంటి నాలుగేళ్ళ లాబ్రడార్. సెప్టెంబరు చివర్లో వాడికి పొడి దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత తిండి తగ్గించి, 30 కిలోలున్నవాడు 27 కిలోలకు దిగాడు, ముందరి ఎడమ కాలు కుంటడం కూడా మొదలుపెట్టాడు. ఇక్కడి వెట్ (పశువైద్యుడు) రక్తపరీక్ష, ఎక్స్‌రేలు చేయించి ఇది వ్యాలీ ఫీవర్ అనే ఫంగస్ జబ్బనీ, టైటర్ (రక్తంలో యాంటీబాడీల కొలత) 1:32 ఉందనీ, ఊపిరితిత్తుల నుంచి కాలి ఎముకకు పాకిందనీ చెప్పి, ఫ్లూకనజోల్ మాత్రలు రోజుకు రెండు పూటలా కనీసం ఏడాది వాడాలన్నారు. రెండు వారాలుగా ఇస్తున్నాము. దగ్గు కొంచెం తగ్గింది కానీ గిన్నెలో పెట్టిన తిండి వాసన చూసి వెళ్ళిపోతున్నాడు, మాత్ర ఉమ్మేస్తున్నాడు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారికి షుగరు ఉంది, మా బాబుకు రెండేళ్ళు. వాళ్ళకు అంటుకుంటుందని ఆవిడ భయపడి, కుక్కను గరాజ్‌లో కట్టేయమంటున్నారు, పసుపు, వేపాకు ముద్ద పెట్టి చూడమంటున్నారు. జనవరిలో మేమందరం ఇండియాకు రావలసి ఉంది. వాడిని పెరట్లో ఆడుకోనివ్వడమే మా తప్పా? మేము ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, చాండ్లర్

జవాబు: ముందుగా, బంటిని గరాజ్‌లో కట్టేయకండి, ఇంట్లోనే ఉంచుకోండి. ఈ జబ్బు కుక్క దగ్గు వల్ల గానీ, నాకడం వల్ల గానీ, ఒకే గదిలో పడుకోవడం వల్ల గానీ మనుషులకు అంటదు. దీనికి కారణమైన కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ అమెరికా నైరుతి ఎడారుల్లోనూ, మెక్సికోలోనూ, మధ్య, దక్షిణ అమెరికాల్లోని కొన్ని పొడి ప్రాంతాల్లోనూ నేలలో బతుకుతుంది. వానలకు మట్టి తడిసినప్పుడు అది బూజులా పెరిగి, నేల ఎండిపోగానే సన్నని పోగులు విరిగి, కంటికి కనిపించని బీజాలుగా గాలిలో లేస్తుంది. ఆ గాలి పీల్చిన కుక్క ఊపిరితిత్తుల్లోకి చేరాక దాని రూపమే మారిపోతుంది. గుండ్రని తిత్తిలా ఉబ్బి, లోపల వందలకొద్దీ పిల్లకణాలు తయారుచేసుకుని, పగిలి వాటిని చుట్టూ వెదజల్లుతుంది. ఒంట్లో ఉండే ఈ తిత్తి రూపం గాలిలో ఎగిరేది కాదు. అందుకే దగ్గుతున్న కుక్క పక్కన కూర్చున్నా ప్రమాదం లేదు. మీ బాబుకైనా మీ అత్తగారికైనా జబ్బు రావలసి ఉంటే అది బంటి నుంచి కాదు, బంటి పీల్చిన ఆ ధూళి నుంచే వస్తుంది. అయితే షుగరు ఉన్నవారిలోనూ, గర్భిణులలోనూ, రోగనిరోధక శక్తి తగ్గినవారిలోనూ ఇది ముదిరే అవకాశం ఎక్కువ గనుక, దుమ్ము తుఫాను లేచిన రోజున ఆవిడను తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉండమనండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరువకండి. బంటికి ఎక్కడైనా చీము కారే పుండు పడితే, దానికి కట్టిన కట్టును రోజూ మార్చి, చేతికి తొడుగు వేసుకుని సంచిలో మూటకట్టి పారేయండి. తడి కట్టును రోజుల తరబడి వదిలేస్తే అందులో ఫంగస్ మళ్ళీ బూజు రూపానికి తిరిగే వీలుంది.

మీ తప్పా అని అడిగారు. కాదు. మీరుండే మారికోపా కౌంటీలోనూ, టూసాన్ ఉన్న పీమా కౌంటీలోనూ కుక్కపిల్లలను వెన్నాడి గమనించి 2005లో ప్రచురించిన పరిశోధనలో, రెండేళ్ళ వయసు వచ్చేసరికి సోకే అవకాశం 28 శాతమనీ, జబ్బుపడే అవకాశం 6 శాతమనీ తేలింది. అంటే సోకినవాటిలో చాలా కుక్కలు ఇంట్లో ఎవరికీ తెలియకుండానే వాటంతట అవే కోలుకుంటున్నాయి. బంటి ఆ తక్కువ వాటాలో పడ్డాడు, అంతే. ఎలుకలు, ఉడతలు తవ్విన బొరియల దగ్గర మట్టి గోకకుండా చూడడం, పెరట్లో ఖాళీ మట్టి మీద గడ్డి గానీ గులకరాళ్ళు గానీ పరచడం మంచిదే కానీ, ఆ ఊళ్ళో ఉంటూ ఆ గాలి పీల్చకుండా ఏ కుక్కనూ కాపాడలేరు.

ఇక వైద్యం విషయానికి వస్తే, ఏడాది అన్నమాటకు కారణముంది. ఫ్లూకనజోల్ వంటి మందులు ఫంగస్‌ను ఒక్క దెబ్బకు చంపవు. అది పెరగకుండా, తన కణాల పొర కట్టుకోకుండా అడ్డుకుని, మిగిలిన పనిని కుక్క సొంత నిరోధక శక్తికి వదిలేస్తాయి. ఆ శక్తి నెమ్మదిగా పనిచేస్తుంది. ఊపిరితిత్తులకే పరిమితమైన జబ్బుకు సాధారణంగా 6 నుంచి 12 నెలలు పడుతుంది. ఎముకకు పాకినప్పుడు అంతకన్నా ఎక్కువ కాలం, కొన్ని కుక్కలకు ఏళ్ళ తరబడి కూడా మందు అవసరమవుతుంది. రెండు వారాలకే దగ్గు తగ్గడం మంచి గుర్తు. అయితే నేను చూసినంతలో ఈ జబ్బు తిరగబెట్టే ఇళ్ళలో కథ దాదాపు ఒకేలా ఉంటుంది. మూడో నెలకో నాలుగో నెలకో కుక్క ఎగిరి గంతులు వేస్తుంది, మాత్ర ఒక పూట మరిచిపోతారు, తర్వాత రెండు పూటలు, ఆ తర్వాత డబ్బా నింపించడమే మానేస్తారు. కాబట్టి బంటి బాగున్నాడనిపించిన రోజునే మాత్ర విషయంలో మరింత గట్టిగా ఉండాలి.

మాత్ర మింగించడంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. పొడి చేసి పెరుగన్నం గిన్నె నిండా కలిపేస్తారు. కుక్క సగం తిని వదిలితే సగం మందే పడుతుంది. అంతకన్నా నష్టం, ఆ చేదు గుర్తుండిపోయి అది పెరుగన్నాన్నే అసహ్యించుకుంటుంది. రోజూ తినే తిండిని, మందు పెట్టే తిండిని వేరుగా ఉంచండి. నేను చెప్పే పద్ధతి మూడు గోరుముద్దలు. ఉడికించిన చికెన్ గానీ, మెత్తని ఇడ్లీ ముక్క గానీ, ఉడికిన గుడ్డు పచ్చసొన గానీ చిన్న ఉండలుగా చేసి, మొదటిది ఉత్తది పెట్టండి, రెండోదాంట్లో మాత్ర దాచండి, రెండోది నోట్లో ఉండగానే మూడోది ముక్కు ముందు చూపండి. మూడోదాని ఆత్రంలో రెండోది నమలకుండా మింగేస్తుంది. వేరుశనగ వెన్నలో పెట్టి ఇస్తుంటే దాని డబ్బా మీద జైలిటాల్ అన్న పేరు లేదని చూసుకోండి, ఆ తీపి పదార్థం కుక్కలకు విషం. ఉండలు పనిచేయకపోతే నోరు తెరిచి మాత్రను నాలుక మొదట్లో, వీలైనంత వెనక్కు వేసి, మూతి మూసి గొంతు మీద నిమరండి. ఆ తర్వాత కొంచెం నీళ్ళు తాగించండి. రెండు పూటల మధ్య వ్యవధి 12 గంటలకు దగ్గరగా ఉంటే చాలు, గడియారం పట్టుకుని కూర్చోనక్కరలేదు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి, తరువాతి పూటకు సమయం దగ్గరపడితే దాటవేయండి, రెండు కలిపి మాత్రం ఇవ్వకండి.

తిండి మానేయడానికి రెండు కారణాలుండవచ్చు. ఒకటి జబ్బే, రెండోది మందు వల్ల కలిగే వికారం. తిండి చూసి దగ్గరకు వచ్చి, వాసన చూసి, పెదవులు నాక్కుంటూ లేదా చొంగ కారుస్తూ వెనక్కు తగ్గితే అది చాలావరకు వికారమే. ఫ్లూకనజోల్ ఖాళీ కడుపున కూడా ఒంటికి పడుతుంది గానీ, వికారం ఉన్న కుక్కకు తిండి తిన్న వెంటనే ఇవ్వడం మేలు. అయినా తగ్గకపోతే వాంతి, వికారాలకు మారోపిటెంట్, ఆకలికి కాప్రోమోరెలిన్ వంటి మందులను మీ వెట్ రాయగలరు. ఇవి కుక్కల కోసమే వచ్చిన మందులు, అడగడానికి మొహమాటపడకండి. రెండు వారాలుగా తిండి సరిగా లేదంటున్నారు కనుక, తరువాతి పరీక్ష తేదీ వరకు ఆగకుండా ఈ వారంలోనే ఫోను చేసి కాలేయం, మూత్రపిండాల పరీక్ష ముందుకు జరపమనండి. కాలేయం నొచ్చుకుంటున్నట్టు తేలితే కొద్ది రోజులు మందు ఆపి, తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టడం వెట్‌లకు అలవాటైన పనే. ఆ నిర్ణయం మాత్రం వారిదే కావాలి, మీరు ఇంట్లో ఆపకండి.

ఇంట్లో మీరు చేయగలిగింది తిండిని గోరువెచ్చగా పెట్టడం. వెచ్చదనానికి వాసన లేస్తుంది, కుక్కకు రుచి కన్నా వాసనే ముందు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, మెత్తని అన్నం, గుడ్డు, కొంచెం పెరుగు, చికెన్ ఉడికించిన నీళ్ళు దాని మామూలు తిండి మీద వేసి, రోజుకు రెండుసార్లకు బదులు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. మన వంటింట్లో ఒక చిక్కుంది. చికెన్ కూర పులుసులోనూ, చారులోనూ, సాంబారులోనూ ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్కల రక్తకణాలను పగలగొడతాయి. పాయసంలో వేసే కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తుంది. జబ్బు కుక్క కదా, ఏదో ఒకటి తిననీ అని పెద్దవాళ్ళు కంచంలోంచి తీసి పెడతారు. మీ అత్తగారికి ఇది మర్యాదగానే అయినా గట్టిగా చెప్పండి. కొసరి కొసరి నోట్లో కుక్కడం, సిరంజితో బలవంతంగా పోయడం కూడా వద్దు, గిన్నె చూస్తేనే పారిపోయే కుక్కలు అలాగే తయారవుతాయి.

పసుపూ వేపా పెద్దవాళ్ళ మంచి మనసులోంచి వచ్చిన సలహాలే. అయితే ఈ ఫంగస్ చర్మం మీద లేదు, ఎముక లోపల ఉంది, పైపూత అక్కడికి చేరదు. కడుపులోకి ఇచ్చే మూలికలు ఇప్పటికే మందు మోస్తున్న కాలేయం మీద మరో బరువు. ఆవిడకు ఏదైనా చేయాలని ఉంటే, వాడి పక్కన కూర్చుని ముద్దలు పెట్టమనండి, బంటి ఆవిడ చేతి నుంచే తింటాడేమో కూడా.

కుంటుతున్న కాలు విషయంలో, ఎక్స్‌రేలో ఈ జబ్బు ఒక్కోసారి ఎముక క్యాన్సర్‌లా కనిపిస్తుందని తెలిసినవారు ఎవరైనా మిమ్మల్ని భయపెట్టవచ్చు. రక్తపరీక్షతో కలిపి చూసి మీ వెట్ తేల్చారు కాబట్టి ఆ మాట పక్కన పెట్టండి. నొప్పి మాత్రం నిజం. కుక్కలకు రాసే కార్ప్రోఫెన్ వంటి నొప్పి మందును వెట్‌ను అడగండి. మీ అలమరలోని ఐబుప్రోఫెన్ గానీ, పారాసిటమాల్ గానీ ఎంత చిన్న ముక్కయినా ఇవ్వకండి. మీ ఇళ్ళలో నేలంతా నున్నని టైల్స్ ఉంటాయి గనుక వాడు నడిచే దారిలో జారని చాపలు పరవండి. సోఫా మీదికి, కారులోకి దూకనివ్వకుండా ఎత్తి దించండి. మెడ పట్టీ తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ వేయండి. ఈ జబ్బులో ఊపిరితిత్తుల మధ్యనున్న గ్రంథులు ఉబ్బి శ్వాసనాళాన్ని నొక్కుతుంటాయి, పైనుంచి పట్టీ లాగితే దగ్గు ఎక్కువవుతుంది. దురదకో, అలర్జీకో ఇంతకుముందు బంటికి స్టెరాయిడ్లు వాడి ఉంటే ఆ సంగతి వెట్‌కు చెప్పండి. నిరోధక శక్తిని అణచే మందులు ఈ ఫంగస్‌కు దారి వదులుతాయి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. రెండు పూటల మాత్ర, తిన్న తిండి, వారానికొకసారి బరువు (వాడిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేస్తే సరి), గాఢ నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో రాయండి. ఆ చివరి లెక్క 30 దాటి నిలకడగా ఉంటే, రోజంతా ఏమీ ముట్టకపోతే, వాంతులు ఆగకపోతే, చిగుళ్ళు లేదా కంటి తెల్లగుడ్డు పసుపురంగుకు తిరిగితే, కన్ను ఎర్రబడి మసకబారితే, వెనక కాళ్ళు తడబడితే, ఫిట్స్ వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

టైటర్ గురించి కూడా ఒక మాట. అది ఫంగస్ లెక్క కాదు, ఫంగస్ మీద కుక్క ఒంట్లో తయారైన యాంటీబాడీల కొలత. 1:32 ఉన్న కుక్క హాయిగా తిరగవచ్చు, 1:4 ఉన్న కుక్క మంచం పట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్ళలో దీనికో ఎక్సెల్ షీటు తయారై, అంకె దిగకపోతే ఇల్లంతా దిగులుపడడం నాకు తెలిసిందే. మూడు నాలుగు నెలలకొకసారి చేయించి, అది మొత్తం మీద దిగుతోందా అని చూస్తే చాలు, ఆ దిగడం కుక్క కోలుకున్న దానికన్నా వెనకబడే ఉంటుంది. లక్షణాలన్నీ పోయి, ఎక్స్‌రే బాగుపడి, టైటర్ 1:4కు గానీ అంతకన్నా దిగువకు గానీ చేరి అక్కడే నిలిస్తే అప్పుడు వెట్ మందు ఆపే ఆలోచన చేస్తారు. ఆపాక కూడా కొన్ని నెలలకు మళ్ళీ పరీక్ష ఉంటుంది.

జనవరి ప్రయాణం మానుకోమని నేను చెప్పను. అయితే అప్పటికి బంటి తిండి కుదుటపడి, బరువు నిలబడి ఉండాలి, లేకపోతే ఇద్దరిలో ఒకరు ఆగడం మంచిది. పదుల కుక్కలుండే బోర్డింగ్ కన్నా, వాడికి అలవాటైన మనిషి మీ ఇంటికే వచ్చి ఉండడం మేలు. ఆ మనిషి చేత మీరు బయలుదేరే ముందు కనీసం నాలుగైదు రోజులు మీ కళ్ళ ముందే మాత్ర మింగించండి. ప్రయాణానికి సరిపడా కన్నా రెండు వారాల మందు ఎక్కువగా ఇంట్లో ఉంచండి. మీరు లేనప్పుడు వైద్యానికి అనుమతి, ఖర్చు పరిమితి రాసి వెట్ దగ్గర పెట్టండి.

ప్రశ్న: మా కుక్కకు ఫ్లూకనజోల్‌తో ఎనిమిది నెలలైనా ఎముక జబ్బు తగ్గలేదు. ఇట్రకనజోల్ అనే మరో ఫంగస్ మందుకు మార్చారు. క్యాప్సూళ్ళ ధర ఎక్కువగా ఉంది, మందును పొడి నుంచి కలిపి ద్రవంగా తయారుచేసి ఇచ్చే ఫార్మసీలో చవకగా దొరుకుతుందంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గిల్బర్ట్

జవాబు: ఫ్లూకనజోల్ విషయమైతే ఆలోచించవచ్చునేమో గానీ, ఇట్రకనజోల్ విషయంలో వద్దు. ఇది నీటిలో సరిగా కరగని మందు. కంపెనీలు దాన్ని ప్రత్యేకమైన పద్ధతిలో చిన్న గుళికల మీద పూతగా పట్టించి క్యాప్సూల్లో నింపుతాయి. అలా కాకుండా ముడి పొడితో కలిపి ఇచ్చినది కుక్కల రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుందని పరీక్షల్లో తేలింది. చవకగా కొని నెలలపాటు పోసినా రోగం కదలదు. ఖర్చు తగ్గించుకోవాలంటే జెనరిక్ క్యాప్సూళ్ళకు చీటీ రాయించుకుని మనుషుల మందుల దుకాణాల్లో ధరలు పోల్చి చూడండి, ఒకే మందు ధర దుకాణానికీ దుకాణానికీ చాలా తేడా ఉంటుంది. క్యాప్సూల్‌ను కడుపు నిండా తిండితోనే ఇవ్వాలి. వాంతులు తగ్గుతాయని ఆమ్లం తగ్గించే ఫామోటిడిన్ వంటి మాత్రలు కలిపి ఇవ్వకూడదు, కడుపులో ఆమ్లం లేకపోతే ఈ క్యాప్సూల్ కరగదు. కాళ్ళ మీద పుండ్లు, వాపు కనిపిస్తే అది ఫంగసే అనుకోకండి, కొన్ని కుక్కల్లో ఈ మందే అటువంటి పుండ్లు లేపుతుంది, వెంటనే చూపించండి.

ప్రశ్న: మేమిద్దరం ఫీనిక్స్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలుండి గత నెల తిరిగి వచ్చాము. అక్కడ వాళ్ళ కుక్కకు వ్యాలీ ఫీవర్ అని మందులు వాడుతున్నారు, రోజూ దాన్ని నేనే నడకకు తీసుకువెళ్ళేవాణ్ణి. వచ్చినప్పటి నుంచి నాకు దగ్గు, సాయంత్రం జ్వరం ఉన్నాయి. కుక్క దగ్గర అంటుకుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కుక్క దగ్గర కాదు. అయితే ఆ కుక్క పీల్చిన గాలినే మీరూ పీల్చారు. మనుషుల వైద్యం నా పరిధిలోది కాదు గనుక ఒక్క విషయమే చెబుతాను. ఈ ఫంగస్ మన దేశపు నేలలో లేదు. కాబట్టి ఇక్కడి డాక్టరు మీ దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలోని మచ్చ చూసి మొదట క్షయ అనుకోవడం సహజం, అందులో ఆయన తప్పేమీ ఉండదు. మీరు ఆరు నెలలు అరిజోనాలో ఉన్నారనీ, అక్కడ ఇంట్లో కుక్కకు కాక్సిడియాయిడోమైకోసిస్ (వ్యాలీ ఫీవర్‌కు వైద్యుల పేరు) వచ్చిందనీ మొదటి మాటగా చెప్పండి. ఆ పేరు తెలుగులో రాసిన కాగితం వద్దు, కుక్క వైద్యపు చీటీని మీ అబ్బాయి చేత ఫోనులో పంపించుకుని ఆయనకు చూపండి. కఫం పరీక్షతో పాటు ఈ ఫంగస్‌కు యాంటీబాడీ పరీక్ష కూడా అవసరమా అన్నది ఆయన నిర్ణయిస్తారు. కఫాన్ని కల్చర్‌కు (ల్యాబులో పెంచి చూసే పరీక్షకు) పంపితే ఆ అనుమానాన్ని ల్యాబు చీటీ మీద రాయమని కూడా అడగండి. ఒంట్లో ఉన్నప్పుడు ఇతరులకు అంటని ఈ ఫంగస్, ల్యాబులో గాజు పళ్ళెం మీద పెరిగినప్పుడు మళ్ళీ గాలిలో లేచే బూజుగా మారుతుంది, మూత తీసేవారికి ఆ సంగతి ముందే తెలియాలి.